మూడో రౌండులో కాళ్లు ఎందుకు రాళ్లవుతాయి? 1600 మీటర్ల పరుగుకు ఒంటిని సిద్ధం చేసే పద్ధతి

కానిస్టేబుల్ ఈవెంట్స్, అంటే పోలీసు ఉద్యోగానికి పెట్టే పరుగు, జంప్ లాంటి పరీక్షలు, దగ్గరపడితే చాలు, కాలేజీ గ్రౌండ్‌లో అందరూ అడిగేది ఒకటే. "అన్నా, రెండు రౌండ్లు బాగానే కొడతా. మూడో రౌండుకు ఊపిరి అందదు, కాళ్లు లేవవు. ఏం తినాలి?"

తిండితో తీరే సమస్య కాదిది. మూడో రౌండులో పడే కష్టానికి కారణం దాదాపు ఎప్పుడూ మొదటి రౌండులోనే ఉంటుంది. పరుగు మొదలవగానే ఒంట్లో ఏది ముందు అందుకుంటుంది, ఏది ఆలస్యంగా అందుకుంటుంది అన్నది తెలిస్తే ప్రాక్టీస్ ఎలా చేయాలో, ఆ రోజు ఎలా పరిగెత్తాలో దానంతటదే అర్థమవుతుంది.

## 1. ముందు మీ లెక్క కాగితం మీద పెట్టండి

తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం పురుషులు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1600 మీటర్లకు పురుషులకు 8 నిమిషాలు, మహిళలకు 10 నిమిషాల 30 సెకన్లు ఇచ్చారు. మీరు రాసే నోటిఫికేషన్‌లో ఏముందో ఒకసారి చూసుకోండి, మారుతుంటాయి.

గడువునే లక్ష్యంగా పెట్టుకోవద్దు. పదిహేను, ఇరవై సెకన్లు చేతిలో ఉంచుకోండి.

- గడువు 7:15 అయితే లక్ష్యం 7:00, అంటే రౌండుకు 1 నిమిషం 45 సెకన్లు.
- గడువు 8:00 అయితే లక్ష్యం 7:40, అంటే రౌండుకు 1 నిమిషం 55 సెకన్లు.

400 మీటర్ల ట్రాక్ మీద లోపలి గీత పట్టుకుని పరిగెత్తితేనే ఈ లెక్క. రెండో లేన్‌లో పరిగెత్తితే రౌండుకు సుమారు ఏడున్నర మీటర్లు ఎక్కువ పడుతుంది. నాలుగు రౌండ్లకు 30 మీటర్లు, అంటే ఈ వేగంలో ఎనిమిది సెకన్లు. గుంపులో బయటి వైపు పరిగెత్తి "ఐదు సెకన్లలో పోయింది" అని ఏడ్చినవాళ్లను చూశాను.

## 2. ఆ ఏడు నిమిషాల్లో లోపల ఏం జరుగుతుంది

ఇది చదవకుండా నేరుగా టైమ్‌టేబుల్ దగ్గరికి వెళ్లకండి. మిగతాదంతా దీని మీదే నిలబడి ఉంది.

కండరానికి అప్పటికప్పుడు వాడుకునే శక్తి నిల్వ రెండు మూడు సెకన్లకే సరిపోతుంది. దాని వెనక క్రియాటిన్ ఫాస్ఫేట్ అనే చిన్న నిల్వ ఇంకో పది సెకన్ల దాకా నెట్టుకొస్తుంది. ఆ తర్వాత కండరంలోని చక్కెర నిల్వ, అంటే గ్లైకోజెన్, ఆక్సిజన్‌తో పనిలేకుండా వేగంగా విరుగుతుంది. ఆక్సిజన్‌తో నడిచే అసలు ఇంజను మాత్రం నిదానస్తురాలు. అది పూర్తిగా అందుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. మన లెక్కలో అది రెండో రౌండు!

అంటే మొదటి రౌండులో మంచి భాగం అప్పు మీద నడుస్తుంది. నెమ్మదిగా తీసుకుంటే అప్పు చిన్నది, మిగతా దూరం దాన్ని మోస్తూ పరిగెత్తవచ్చు. మొదటి రౌండు 1 నిమిషం 20 సెకన్లలో కొట్టారనుకోండి, కండరాల్లో ఆమ్లత పెరిగి అవి సరిగా ముడుచుకోలేవు. దాన్ని దించడానికి ఒళ్లు ఎక్కువ గాలి వదలాలి, అందుకే రొప్పు. మూడో రౌండులో కాళ్లు రాళ్లయ్యేది ఇందుకే.

చాలామంది "లాక్టిక్ యాసిడ్ పట్టేసింది" అంటారు. పాపం లాక్టేట్ (ఆ యాసిడ్‌కు ఒంట్లో ఉండే రూపం) మీద నింద ఎక్కువ. నిజానికి గుండె, ఇతర కండరాలు దాన్ని ఇంధనంగా వాడుకుంటాయి. ఆగాక గంటలోపే అది మామూలు స్థాయికి వస్తుంది. మర్నాడు తొడలు పట్టేసినట్టుండేది కండరాల పోగుల్లో పడిన సూక్ష్మ గాయాల వల్ల, లాక్టేట్ వల్ల కాదు.

ఏడు నిమిషాల పరుగు మొత్తం మీద శక్తిలో నాలుగింట మూడు వంతులకు పైగా ఆక్సిజన్ దారిలోనే వస్తుంది. చూడ్డానికి స్పీడు పరుగులా ఉన్నా ఇది దమ్ము పరుగే.

ఆ దమ్ము ఎక్కడుంది? అందరూ ఊపిరితిత్తులు అనుకుంటారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో సాధారణంగా ముందు చేతులెత్తేసేది అవి కావు. గుండె నిమిషానికి ఎంత రక్తం తోయగలదు, ఆ రక్తంలో హిమోగ్లోబిన్ ఎంత, కండరంలోని మైటోకాండ్రియా (కణాల్లో శక్తి తయారుచేసే భాగాలు) ఆ ఆక్సిజన్‌ను ఎంత వాడగలవు, అసలు అడ్డంకి ఈ మూడే. కూర్చున్నప్పుడు గుండె నిమిషానికి 5 లీటర్ల రక్తం తోస్తుంది. గట్టి పరుగులో ఆరోగ్యవంతుడైన యువకుడిలో అది 20 లీటర్లు దాటుతుంది. అందులో ఎక్కువ భాగం కాళ్ల కండరాలకే పోతుంది, పొట్టకు పోయేది బాగా తగ్గిపోతుంది. నిండు కడుపుతో పరిగెత్తితే వాంతి ఎందుకొస్తుందో ఇప్పుడు తెలిసింది కదా.

## 3. ప్రాక్టీస్‌కు ముందు చూసుకోవాల్సినవి

- ఎప్పుడైనా పరుగులో కళ్లు తిరిగి పడిపోయారా? ఛాతీలో నొప్పి వచ్చిందా? ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయారా? ఒక్కదానికి అవునన్నా ముందు డాక్టర్ దగ్గరికి, ఈసీజీకి.
- రక్త పరీక్ష. హిమోగ్లోబిన్ మగవాళ్లలో 13, ఆడవాళ్లలో 12 గ్రాములకు తక్కువైతే రక్తహీనత. అమ్మాయిలు ఇది తప్పకుండా చేయించుకోవాలి. ఎన్ని రౌండ్లు కొట్టినా టైమింగ్ కదలడం లేదని వచ్చేవాళ్లలో కొందరి లోపం కాళ్లలో ఉండదు, రక్తంలో ఉంటుంది.
- ఏజెన్సీ ప్రాంతాలవాళ్లు సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) పరీక్ష చేయించుకోండి. జబ్బు లేకపోయినా ఆ లక్షణం మోసేవాళ్లకు ఎండలో, నీళ్లు తక్కువైనప్పుడు గట్టి పరుగు ప్రాణం మీదికి తేవచ్చు. ఉన్నంత మాత్రాన పరుగు మానాల్సిన పని లేదు, నిదానంగా పెంచుకుంటూ పోవాలి.
- బూట్లు. మామూలు రన్నింగ్ షూ చాలు. అరిగిన జత వద్దు, ఈవెంట్స్ రోజు కొత్త జత అసలే వద్దు.
- పొద్దున లేవగానే, మంచం దిగకముందే మణికట్టు మీద నాడి చూసి నోట్‌బుక్‌లో రాయండి. ప్రాక్టీస్ కుదిరేకొద్దీ ఈ అంకె తగ్గుతుంది. ఎప్పుడైనా మామూలుకంటే ఏడెనిమిది ఎక్కువుంటే, నిద్ర కూడా సరిగా లేకపోతే, ఆ రోజు గట్టి పరుగు వద్దు.

## 4. ఎనిమిది వారాల ప్రాక్టీస్

అందరూ చేసే తప్పు ముందే చెప్తాను. రోజూ వాచీ పెట్టుకుని 1600 మీటర్లు ఫుల్ స్పీడులో కొట్టడం. మొదటి పది రోజులు టైమింగ్ తగ్గుతుంది, ఉత్సాహం వస్తుంది. తర్వాత అక్కడే ఆగిపోతుంది, కాలి ఎముక నొప్పి మొదలవుతుంది. రోజూ పరీక్ష రాస్తే చదివేది ఎప్పుడు?

### మొదటి మూడు వారాలు: కేవలం నిదానం

వారానికి నాలుగైదు రోజులు, 25 నుంచి 35 నిమిషాలు, పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగంలో. మాట తెగుతోందంటే వేగం ఎక్కువైనట్టే. మొదట్లో నడక కలుపుకున్నా తప్పు లేదు.

"ఇంత నెమ్మదిగా పరిగెత్తితే స్పీడ్ ఎలా వస్తుంది?" అంటారు. తొలి వారం, పది రోజుల్లోనే రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ తోస్తుంది. తర్వాతి వారాల్లో కండరంలో సన్నని రక్తనాళాలు, మైటోకాండ్రియా పెరుగుతాయి. ఆ పెరుగుదలకు పునాది ఈ నిదానపు నిమిషాలే.

ఒక చిక్కు ఉంది. గుండె, రక్తం తొందరగా మారతాయి, ఎముకలు, స్నాయువులు నెలల తరబడి తీసుకుంటాయి. మూడో వారానికి దమ్ము వచ్చేసిందనిపించి దూరం ఒక్కసారిగా రెట్టింపు చేస్తారు. దమ్ము మోస్తుంది, మోకాలి కింది ఎముక మోయదు.

### నాలుగో వారం నుంచి ఏడో వారం దాకా

- సోమవారం: విశ్రాంతి.
- మంగళవారం: 400 మీటర్లు లక్ష్యం వేగంలో, మధ్యలో రెండు నిమిషాల నడక. నాలుగుతో మొదలుపెట్టి ఆరు దాకా. చివరిది కూడా మొదటిదానంత టైములోనే రావాలి, రాకపోతే మొదటిది ఎక్కువ స్పీడుగా కొట్టారు.
- బుధవారం: 30 నిమిషాల నిదానపు పరుగు.
- గురువారం: లాంగ్ జంప్, షాట్‌పుట్ లేదా 100 మీటర్ల సాధన. బస్కీలు, మడమలు పైకెత్తి దించడం, ప్లాంక్.
- శుక్రవారం: 15 నుంచి 20 నిమిషాలు, రెండు మూడు మాటలకు మించి మాట్లాడలేని వేగంలో ఆగకుండా.
- శనివారం: 25 నిమిషాల నిదానం, చివర్లో 80 మీటర్ల చురుకు పరుగులు నాలుగు.
- ఆదివారం: 40 నుంచి 50 నిమిషాల నిదానం. మట్టి దారి దొరికితే మంచిది.

రెండు వారాలకోసారి శుక్రవారం పరుగు మానేసి 1600 మీటర్లు టైమ్ పెట్టి పరిగెత్తండి. మొత్తం టైమ్ ఒక్కటే కాదు, నాలుగు రౌండ్లవి విడివిడిగా రాయండి. నేను ముందు చూసేది మొదటి రౌండుకు, మూడో రౌండుకు తేడా ఎంత అన్నదే. పది సెకన్లు దాటితే సరిచేయాల్సింది దమ్ము కాదు, పేస్, అంటే రౌండ్ల మధ్య వేగాన్ని పంచుకునే తీరు.

మంగళ, శుక్రవారాల గట్టి పరుగులు వరుస రోజుల్లో పెట్టకండి. ఒళ్లు పరిగెత్తేటప్పుడు అరుగుతుంది, పడుకున్నప్పుడు కట్టుకుంటుంది.

## 5. తిండి, నీళ్లు, నిద్ర

ఇక్కడ పెద్ద రహస్యాలేం లేవు. అన్నం, పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, ఆకుకూరలు. కండరాల్లో, కాలేయంలో ఉండే గ్లైకోజెన్ ఏడు నిమిషాల పరుగుకు కావలసిన దానికంటే చాలా ఎక్కువ. కాబట్టి గ్లూకోజ్ పొడి డబ్బాల మీద డబ్బు తగలేయకండి.

ఇనుము తక్కువున్నవాళ్లు తోటకూర, పప్పులు, గుడ్డు, కాలేయం తింటూ పక్కన నిమ్మకాయ పిండుకోండి, విటమిన్ సి ఉంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనం కాగానే టీ తాగే అలవాటుంటే గంట, రెండు గంటలు ఆగండి, టీ ఆ ఇనుమును పట్టేస్తుంది. మాత్రలు మాత్రం డాక్టర్ చెబితేనే.

నీళ్లకు దాహం, మూత్రం రంగు చూసుకుంటే చాలు. లేత పసుపు మంచిది. బాగా చెమట పట్టే రోజుల్లో ఉప్పేసిన మజ్జిగకు మించింది లేదు. భయపడి లీటర్లకు లీటర్లు ఉత్త నీళ్లు తాగడం కూడా తప్పే, రక్తంలో సోడియం పడిపోతుంది.

నిద్ర ఏడు నుంచి తొమ్మిది గంటలు. రాత్రి పన్నెండు దాకా రీల్స్ చూసి నాలుగున్నరకు గ్రౌండ్‌కు వచ్చేవాడు కష్టపడుతున్నాననుకుంటాడు, కానీ వాడికి ఆ కష్టం ఒంటబట్టదు.

## 6. చివరి పది రోజులు

భయం పెరిగేకొద్దీ ప్రాక్టీస్ పెంచుతారు. చేయాల్సింది దానికి పూర్తిగా వ్యతిరేకం. దూరం సగానికి తగ్గించండి, వేగం మాత్రం వదలకండి. మంగళవారం ఆరు 400లు కొట్టేవారు మూడు కొట్టండి, అదే టైములో. చివరి రెండు రోజులు 15 నిమిషాల జాగింగ్, రెండు మూడు చురుకు పరుగులు, అంతే. ఈ పది రోజుల్లో కొత్త దమ్ము రాదు, ఉన్న అలసట మాత్రం దిగుతుంది.

మీ ఈవెంట్స్ టైమ్ పొద్దునా, ఎండెక్కాకా అన్నది కనుక్కోండి. ఎండలో అయ్యే అవకాశముంటే రెండు వారాల ముందు నుంచే కొన్ని నిదానపు పరుగులు కాస్త ఎండ పొడలో చేయండి. ఏడు నుంచి పద్నాలుగు రోజుల్లో ఒళ్లు ముందుగా, ఎక్కువగా చెమట పట్టడం నేర్చుకుంటుంది. కండరాలు వాడే శక్తిలో నాలుగో వంతే పరుగుకు పోతుంది, మిగతాదంతా వేడే. ఆ వేడి బయటికి పోయే దారి చెమట.

## 7. ఆ రోజు పొద్దున

రెండు మూడు గంటల ముందు ఇడ్లీ, లేదా అరటిపండు, బ్రెడ్. నూనె వద్దు, పాలు పడకపోతే వద్దు. కాఫీ అలవాటుంటే తాగండి, లేకపోతే ఆ రోజే మొదలుపెట్టకండి. ఎవరో ఇచ్చిన మాత్ర, ఇంజెక్షన్ జోలికి పోవద్దు.

గేటు లోపలికి వెళ్లగానే గుండె దడ, చేతులు చల్లబడటం, పదే పదే మూత్రం. అడ్రినలిన్ అనే హార్మోన్ పని ఇది. పరుగు మొదలవకముందే గుండె 110, 120 కొడుతుంది. ఇది జబ్బు కాదు, ఒళ్లు ముందే గేరు వేసుకోవడం. టెన్షన్ పూర్తిగా పోగొట్టాలని చూడకండి, అదీ కాస్త పనికొస్తుంది. మరీ ఎక్కువైతే నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరేడు అంకెలు లెక్కపెడుతూ నిదానంగా వదలండి. ఓ ఐదారు సార్లు.

వార్మప్ వరుస ఇది:

1. ఎనిమిది, పది నిమిషాల నిదానపు జాగింగ్. చెమట చిరుగా పట్టాలి.
2. కాళ్లు ఊపడం, మోకాళ్లు ఎత్తి పరుగు, మడమలు వెనక్కి తాకించడం.
3. 60 నుంచి 80 మీటర్లు, లక్ష్యం కంటే కొంచెం ఎక్కువ వేగంలో, మూడు సార్లు. మధ్యలో పూర్తిగా ఊపిరి తెచ్చుకుని.
4. ఐదు నుంచి పది నిమిషాలు నడుస్తూ ఉండండి, కూలబడవద్దు.

దీనివల్ల ఆక్సిజన్ ఇంజను కాస్త ముందే వేడెక్కి మొదటి రౌండు అప్పు తగ్గుతుంది. కాలు పట్టుకుని నిమిషాల తరబడి సాగదీస్తూ నిలబడటం పరుగుకు ముందు వద్దు, కండరం పట్టు తగ్గుతుంది. అది ఇంటికెళ్లాక చేసుకోండి. మీ బ్యాచ్ పిలుపు ఆలస్యమైతే పావుగంటకోసారి రెండు నిమిషాలు జాగ్ చేయండి.

## 8. నాలుగు రౌండ్లు

7:00 లక్ష్యానికి నేను చెప్పే లెక్క: 1:44, 1:46, 1:46, 1:44.

మొదటి రౌండు. అడ్రినలిన్ నొప్పిని కప్పేస్తుంది, 1:20 వేగం కూడా జాగింగ్ లాగే అనిపిస్తుంది. ఒళ్లు చెప్పేది ఇప్పుడు నమ్మకండి, అలవాటైన అడుగును నమ్మండి. 200 మీటర్ల దగ్గర 52 సెకన్లు దాటాలి. చుట్టూ అందరూ ముందుకు దూసుకుపోతారు, పోనివ్వండి. వాళ్లలో సగం మంది మూడో రౌండులో మీకు ఎదురవుతారు.

రెండో రౌండు. లోపలి గీత పట్టుకోండి. దాటాలంటే మలుపులో కాదు, సరళరేఖలో దాటండి. భుజాలు, పిడికిళ్లు వదులు చేయండి.

మూడో రౌండు. ఇక్కడ వేగం తగ్గుతున్నా తెలియదు, కష్టం పెరుగుతుంది కాబట్టి అదే వేగంలో ఉన్నామనుకుంటారు. మనసును ముందున్నవాడి వీపు మీద పెట్టండి. చేతులు కొంచెం చురుగ్గా ఊపితే కాళ్లు కూడా అందుకుంటాయి. నోటితోనే ఊపిరి తీసుకోండి, ముక్కుతో మాత్రమే తీసుకోవాలన్న సలహా ఈ వేగంలో పనికిరాదు.

నాలుగో రౌండు. చివరి 200 మీటర్ల దగ్గర ఉన్నదంతా తీయండి. గీత దగ్గర ఆగకండి, ఐదు మీటర్ల అవతల గీత ఉందనుకోండి.

## 9. గీత దాటాక

ఒక్కసారిగా ఆగి నిలబడితే కాళ్లలోకి దిగిన రక్తం పైకి రాదు, కళ్లు తిరిగి పడతారు. పిక్కల కండరాలు నడిచినప్పుడే రక్తాన్ని పైకి పిండుతాయి. ఐదు, పది నిమిషాలు నడవండి. రెండు మూడు గుక్కల నీళ్లు.

లాంగ్ జంప్, షాట్‌పుట్ అదే రోజు ఉంటే చొక్కా తడి ఆరకముందే పలుచటి పైబట్ట వేసుకోండి, ఒళ్లు చల్లబడనివ్వకండి. మధ్యలో ఒక అరటిపండు. ఒక్కో జంప్‌కు వాడే క్రియాటిన్ ఫాస్ఫేట్ మూడు నుంచి ఐదు నిమిషాల్లో దాదాపు నిండుతుంది. కాబట్టి మొదటి ప్రయత్నం పోయిన కోపంలో వెంటనే రెండోది దూకకండి, వీలున్నంత సమయం తీసుకోండి.

ఇవి కనిపిస్తే మాత్రం పోటీ గీటీ లేదు, ఆగిపోండి:

- ఛాతీలో బరువు, నొప్పి, గుండె లయ తప్పినట్టు ఉండటం
- మాట తడబడటం, ఎక్కడున్నామో తెలియకపోవడం, తూలడం
- కాళ్లు నొప్పి లేకుండానే ఒక్కసారిగా సత్తువ లేకుండా అయిపోవడం

పక్కవాడు ఎండలో మతి తప్పి పడితే అది వడదెబ్బ అనుకునే పని మొదలుపెట్టండి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ గాలి విసరండి, ఎవరినైనా 108కి ఫోన్ చేయమనండి. మతి లేనివాడి నోట్లో నీళ్లు పోయకూడదు. 2024లో ఝార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుళ్ల ఎంపికకు గంటలో 10 కిలోమీటర్లు పరిగెత్తించినప్పుడు పదిమందికి పైగా కుర్రాళ్లు చనిపోయారు. భయపెట్టడానికి చెప్పడం లేదు, ఆగాల్సిన చోట ఆగమని చెప్తున్నా.

## 10. ఎక్కువగా వచ్చే ఇబ్బందులు

డొక్కలో పోటు. తిన్నాక తక్కువ సమయం ఇచ్చినా, తీపి జ్యూసులు తాగినా ఎక్కువ. పరుగులో వస్తే వేగం కాస్త తగ్గించి గాలి గట్టిగా, పూర్తిగా వదలండి, చేత్తో అక్కడ నొక్కి పట్టండి.

మోకాలి కింద ముందు ఎముక నొప్పి. ఎముక పొడవునా సన్నగా ఉంటే వారం పది రోజులు దూరం తగ్గించి, సిమెంటు రోడ్డు మానేయండి. ఒకే చోట, వేలు పెట్టి చూపించగలిగే నొప్పి అయితే ఎముకలో సన్నటి పగులు కావచ్చు. పరుగు ఆపి ఎముకల డాక్టర్‌కు చూపించాలి, నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తకూడదు.

పిక్కలు పట్టేయడం. ఆగి, మడమ నేలకు ఆనించి నెమ్మదిగా సాగదీయండి. తరచూ వస్తుంటే ఉప్పు లోపం కంటే ముందు ఒక సంగతి చూడండి: ఆ వేగంలో మీరు ప్రాక్టీస్ చేసిందే తక్కువేమో.

టైమింగ్ మూడు వారాలుగా కదలకపోవడం. చాలావరకు నిదానపు రోజుల్లో కూడా గట్టిగా పరిగెత్తుతుంటారు. ఒక వారం సగానికి సగం తగ్గించి చూడండి. అప్పటికీ కదలకపోతే రక్త పరీక్ష.

అమ్మాయిలకు నెలసరి ఆగిపోవడం. బరువు తగ్గాలని తిండి తగ్గించి పరుగు పెంచినప్పుడు జరుగుతుంది. ఒంటికి చాలినంత తిండి అందడం లేదని అర్థం, ఎముకలు కూడా బలహీనపడతాయి. మంచి ట్రైనింగ్‌కు గుర్తు అని ఎవరైనా చెప్తే వినకండి, డాక్టర్‌ను కలవండి. ఈవెంట్స్ తేదీకి నెలసరి తగులుతుందేమోనని మాత్రలతో వాయిదా వేయాలనుకున్నా, కనీసం రెండు నెలల ముందు డాక్టర్‌తో మాట్లాడండి. మందుల షాపులో అడిగి వేసుకోవద్దు. నెలసరి రోజుల్లోనే రెండు మూడు సార్లు ప్రాక్టీస్ టైమింగ్ తీసి చూసుకుంటే, చాలామందికి ఆ వాయిదా అవసరమే రాదు.